సొన: నాలుగో పాట

ఏప్రిల్ 9, బుధవారం

ఇల్లంతా మామిడికాయ కంపు. దీన్ని సువాసన అనేవాళ్ళు ఎవరో గాని, ఈ ఊళ్ళో ఉండేవాళ్ళు కాదు. షెడ్డు వెనక పారబోసిన మచ్చకాయలు మూడు రోజులుగా కుళ్ళుతున్నాయి. ఈగలు అక్కడ లేచి నేరుగా మా భోజనాల బల్ల మీద వాలుతున్నాయి. నాయనమ్మ ఏ చేత్తో ఈగను తోలుతుందో ఆ చేత్తోనే ముక్క కోసి నా నోటి దగ్గర పెడుతుంది. "తినవే, ఈ ఏటికి ఇదే మొదటి పండు." తిన్నాను. బాగుంది. అదే నా చిరాకు.

హైదరాబాద్ ఉద్యోగం వదిలి రెండు నెలలు. (ఇక్కడ కూడా అబద్ధం రాసుకోవాలా? తీసేశారు.) ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "సీజన్ కదండీ, వాళ్ళ నాన్నకి సాయంగా ఉందామని వచ్చింది" అని చెబుతోంది అమ్మ. నేను చేస్తున్న సాయం: లారీ నంబర్లు ఫోటో తీసి నాన్నకు వాట్సాప్ చేయడం. నాన్న పక్క గదిలోనే ఉంటాడు.

ఈ మొత్తంలో నన్ను బతికిస్తున్నది ఇరవై మూడు నిమిషాల పాటలు. ఇవాళ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా, ఆరేళ్ళుగా వాయిదా వేస్తున్న పని చేశాను. "సొన" గురించి రాసి పోస్టు చేశాను. ఆ ఆల్బమ్ గురించి తెలుగులో ఎవరైనా ఒక్క వాక్యమైనా రాసి ఉంటే చూపించమనండి.

2019లో విజయవాడ హాస్టల్లో ఉన్నప్పుడు కీర్తిప్రియ లింకు పంపింది. "మీ వైపు వాళ్ళే, చూడు, ఎలా గొంతు చించుకుంటున్నారో" అని, నవ్వుకోవడానికి. నేను నవ్వలేదు. కాలేజీ ఫెస్టుల్లో గిటార్ పట్టుకుని ఇంగ్లీషులో ఏడ్చే మగపిల్లల్ని చూసీ చూసీ పంక్ రాక్ అంటే చిరిగిన జీన్సు అనుకునేదాన్ని. ఇది వేరు. బ్యాండ్ పేరు "కలెక్టర్ కాయలు". రసానికీ పనికిరాక, ముక్కకీ పనికిరాక జ్యూసు ఫ్యాక్టరీకి లారీల్లో పోయే కాయ పేరు పెట్టుకున్నారు. ముగ్గురే మనుషులు. కాయ మాగబెట్టే గది ఒకటి సీజన్ కాని రోజుల్లో ఖాళీగా ఉంటే అందులో రికార్డు చేశారు. పాటలకు పేర్లు లేవు, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలే. పాడినవాళ్ళ పేర్లూ లేవు. అట్ట మీద ఒక చెయ్యి, మణికట్టు దగ్గర సొన కాలిన నల్లమచ్చ. సొనంటే ఏంటో తెలియని సిటీవాళ్ళ కోసం పోస్టులో ఒక వాక్యం కేటాయించాల్సి వచ్చింది: కాయ తెంపగానే ముచ్చిక దగ్గర చిమ్మే పాలు, ఒంటి మీద పడితే కాలుస్తుంది.

ఏడేళ్ళలో ఆ ఆల్బమ్ విన్నవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. అందులో రెండు వందలు నేనే అయి ఉంటాను.

మొదటి పాట గురించి ఒక పేరా రాశాను: కాయకు కాగితం కవరు తొడుగుతారు, మందు కొట్టే మనిషి మూతికి మాత్రం గుడ్డ పీలిక, అదీ పాట మొత్తం. ఆరో పాట గురించి రెండు పేరాలు. మధ్యలో కరెంటు పోతుంది. గిటార్ చచ్చిపోతుంది, మైకు చచ్చిపోతుంది. డ్రమ్ము ఆగదు. పాడే ఆవిడ గొంతూ ఆగదు, గది అవతలి మూల నుంచి వస్తున్నట్టు నలభై సెకన్లు అలాగే పాడుతుంది. మళ్ళీ కరెంటు వచ్చేసరికి గిటార్ సిగ్గుపడుతూ వచ్చి కలుస్తుంది. లక్షలు పోసి స్టూడియో కట్టుకున్నవాళ్ళకు ఆ నలభై సెకన్లు దొరకవు. దాన్ని తీసెయ్యకుండా ఉంచారు చూడండి, అందుకు వాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలి.

నాలుగో పాటకు నేనే పేరు పెట్టాను. "రాలుగాయి." పోస్టులోంచి ఇక్కడికి దించుకుంటున్నాను, ఇది నాకు నచ్చింది కాబట్టి:

"ఇది అల్లరి ఆడపిల్లలందరి జాతీయగీతం. ముందు ఓ చిన్నపిల్ల గొంతు, ముందుపళ్ళు ఊడిన గొంతు, చప్పట్లతో ఆటకు పిలుస్తుంది. దులుపు దులుపు ఒళ్ళు దులుపు, ఏముందేముంది దులుపు! ఎంత ముద్దొస్తుందో. ఆ దరువే పాటంతా. దాని మీద అసలు గొంతు విరుచుకుపడుతుంది. రాలుగాయి నేనే! రాలుగాయి నేనే! బుద్ధిగా ఉండమన్న ప్రతివాడి చెంప మీదా ఈ పాట కొడుతుంది."

ఈ పాట లేకపోతే నేను డిగ్రీ మూడేళ్ళు ఎలా గడిపేదాన్నో.

ఏప్రిల్ 10

నాలుగు లైకులు. ఒకటి నాదే, పాత అకౌంట్ నుంచి.

ఏప్రిల్ 14, సోమవారం

ఎవరో పెద్ద పేజీవాళ్ళు షేర్ చేశారు. ఆల్బమ్ విన్నవాళ్ళు పదకొండు వేలు! ఉదయం నుంచి మనిషిలా ఉన్నాను.

మధ్యాహ్నం అభిషేక్ అన్నయ్య వచ్చాడు. పెదనాన్న కొడుకు. మా తోటల కాయను బాక్సుల్లో పెట్టి సిటీ ఇళ్ళకు పంపే వ్యాపారం మొదలెట్టాడు. కాళ్ళకు తెల్లబూట్లు. తోటలో తెల్లబూట్లు!

"తేజూ, పోస్టు అదిరిందే. అసలు ఆ వర్డు ఏంటే! రాలుగాయి! ఆర్నెల్ల నుంచి బాక్సు మీద వెయ్యడానికి పేరు వెతుకుతున్నా."

"అది పాట, అన్నయ్యా."

"పాట కూడా కావాలి. ఇరవై సెకన్లు. ఆ పిల్ల గొంతు బిట్టు చాలు, తర్వాత ఆ అరుపులు ఎవడు వింటాడు? జనం కాయ కొనరే పిచ్చిదానా. బాల్యం కొంటారు."

వాడి నోట్లో ఆ మాట జారుతుంటే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. అయినా అడిగి చూస్తానన్నాను. ఆలోచిస్తే తప్పేముంది? నాలుగు వందల మంది విన్న పాట నాలుగు లక్షల మంది వింటారు. ఇరవై సెకన్లు విని వందలో ఒకడైనా మొత్తం ఆల్బమ్ వెతుక్కుంటాడు. వాళ్ళకి పేరొస్తుంది. తప్పేముంది?

ఏప్రిల్ 17, గురువారం

మైలవరం వెళ్ళొచ్చాను. పోస్టు కింద ఎవరో ఆచూకీ ఇస్తే గిటార్ వాయించినాయన దొరికాడు. డేవిడ్ రాజు, పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు. నా హృదయంలో ఆరేళ్ళుగా ఉన్న గిటారిస్టు, చెమట బనీనుతో, పాడైపోయిన స్పీకర్ పొట్టలో చెయ్యి పెట్టి కూచున్నాడు.

"మీరేనాండీ కలెక్టర్ కాయలు?"

"ఒక కాయనండి," అన్నాడు. "డ్రమ్ములు కొట్టినోడు వినోద్, లారీ తోల్తున్నాడు. మూడో కాయ గుంటూరులో నర్సు."

పాడినావిడ నర్సట. పేరు సుజాత. "ఆవిడకి పాట రాదండి. ముసునూరు వైపు తోటల్లో చిన్నప్పుడు కోతుల్ని తోలేది. ఓ రోజు ఆ కేక విన్నా. అప్పటికి నేను చర్చిలో గిటారు వేసేవోణ్ణి. ఆ కేక విన్నాక చర్చిలో కూడా అలాగే వేశాను. పాస్టరుగారు పంపించేశారు." పగలబడి నవ్వాడు.

నాలుగో పాట సంగతి ఎత్తేసరికి నవ్వు తగ్గింది. "అది నేను ఇవ్వలేనండి. మాటలు ఆవిడవి. నంబరిస్తాను, అడగండి. ఇంతకీ మీరు ఏమని విన్నారు దాన్ని?"

"రాలుగాయి నేనే."

స్పీకర్లోంచి చెయ్యి బయటికి తీశాడు.

"మీకు తోటలున్నాయాండీ?"

"ఉన్నాయి. ఎలా తెలిసింది?"

"చెవిని బట్టండి."

బస్సులో వస్తూ ఆ మాట గురించే కోపం. వాళ్ళని నెత్తిన పెట్టుకుని మోస్తున్నది నేను. పదకొండు వేల మందికి వినిపించింది నేను. ఏం బలుపు!

ఏప్రిల్ 18

సుజాతగారికి రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను: నా పేరు, పోస్టు లింకు, అన్నయ్య ప్రకటన సంగతి.

ఏప్రిల్ 21, సోమవారం

రాయకూడదు అనుకుంటూనే రాస్తున్నాను.

అభిషేక్ అన్నయ్య షెడ్డులో రీల్ తీస్తానన్నాడు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు పన్నెండు మంది, ట్రేలు, బంగినపల్లి గుట్ట, వెనక పాట. వాళ్ళు చిన్నగా డాన్స్ చెయ్యాలట. "సహజంగా ఉండాలమ్మా, నవ్వుతూ, కష్టం కనపడకూడదు." పాతికేళ్ళ నుంచి పార్వతి మా షెడ్డులోనే ఉంది. యాభై దాటిన మనిషి. మా ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు కూడా ఆమెను "పార్వతీ" అనే పిలుస్తాడు. నేనూ అంతే.

స్పీకర్ పెట్టి పాట వేశాడు. దులుపు దులుపు.

ముందు ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందనుకున్నాను. ఇంకొకావిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అసలు గొంతు అందుకునేసరికి షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి, ఒక్క పార్వతి చేతులు తప్ప. ఆమె కాయ తిప్పి చూసి, తుడిచి, ట్రేలో పెడుతూనే ఉంది.

"డాన్స్, డాన్స్!" అంటున్నాడు అన్నయ్య, ఫోన్ వెనక నుంచి.

"ఒడి దులుపంటంది," అంది ఒకావిడ, పక్కావిడతో.

"రాలుగాయ నాదే అంటంది చూడు."

"మీ సుజాత గొంతేగా పార్వతక్కా?"

ఒక్కసారి. ఒక్కసారి వినగానే. ఆరేళ్ళు నేను అరిగిపోయేలా విన్నదాన్ని వాళ్ళు ఒక్కసారిలో విన్నారు.

"రాలుగాయి కదా?" అన్నాను. నా గొంతు నాకే వెర్రిగా వినపడింది.

పార్వతి తలెత్తలేదు. "రాలుగాయంటే అల్లరి పిల్లండి అమ్మాయిగారూ. ఇది అది కాదు. గాలికి చెట్టు కింద రాల్తది చూడండి కాయ, అది. రాలుగాయ." ఇంకో కాయ తుడిచింది. "పిల్ల గొంతు మాత్రం బాగా పట్టింది మా అమ్మాయి."

"ఏ పిల్ల?"

ట్రే నిండింది. ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అన్నయ్యకు ఇవేవీ వినపడలేదు. వాడు లైటింగ్ చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఒళ్ళు కాదు. ఒడి. నేనే కాదు. నాదే. ఇప్పుడు ఎలా విన్నా పాత మాటలు రావడం లేదు. పదకొండు వేల మందికి నేను తప్పు పాట వినిపించాను.

ఏప్రిల్ 22, మంగళవారం

నాయనమ్మను అడిగాను. ఆవిడ జ్ఞాపకశక్తి మీద మా వంశంలో ఎవరికీ అనుమానం లేదు. వరండాలో కూచుని ఆవకాయకు వెల్లుల్లి వలుస్తోంది.

"నాయనమ్మా, కూలివాళ్ళ ఒడి ఎప్పుడైనా దులిపించామా?"

"ఎప్పుడైనా ఏంటే, రోజూ. మీ తాతయ్య ఉన్నంతకాలం కోసిన కాయ మనది, గాలికి రాలిన కాయ వాళ్ళది. ఏరుకుపోయి పచ్చడి పెట్టుకునేవాళ్ళు, మనం చూసేవాళ్ళమే కాదు. పచ్చళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు రాలినవి కూడా కొనడం మొదలెట్టాక ఇంకెక్కడి ఆచారం? వద్దంటే మానతారా? ఒళ్ళో పోసుకుపోయేవాళ్ళు. సాయంత్రం గేటు దగ్గర లైన్లో నిలబెట్టి దులిపించేవాళ్ళం." వెల్లుల్లి పొట్టు ఊదింది. "మర్చిపోయావా? నువ్వేగా మా సూపర్‌వైజర్‌వి!"

"నేనా?"

"ఏడేళ్ళు నీకు. ముందుపళ్ళు రెండూ ఊడిపోయి. స్టూలెక్కి నిలబడి పాడేదానివి. ఎవరూ నేర్పలేదమ్మా, నీ అంతట నువ్వే కట్టావు."

వెల్లుల్లి చేతులతో చప్పట్లు కొట్టి పాడింది మా నాయనమ్మ. దులుపు దులుపు ఒడి దులుపు, ఏముందేముంది దులుపు. అదే దరువు. మూడో చప్పట దగ్గర చిన్న విరుపు ఉంటుంది, ఆ విరుపు గురించి నేను పోస్టులో ఒక వాక్యం రాశాను. అదీ ఉంది.

"ఎంత ముద్దొచ్చేదానివో. మీ నాన్న నిన్ను చూపించడానికి చుట్టాల్ని కూడా గేటు దగ్గరికి పిలుచుకొచ్చేవాడు."

ఎంత ముద్దొస్తుందో అని రాశాను నేను కూడా.

ఏప్రిల్ 23

నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. స్టూలు గుర్తుంది.

ఏప్రిల్ 24, గురువారం

సుజాతగారు ఫోన్ చేశారు. డ్యూటీ దిగి బస్‌స్టాపులో ఉన్నారట. వెనక హారన్లు.

"పోస్టు చదివానండి. బాగా రాశారు. ఆ కరెంటు పోయిన సంగతి మేమే మర్చిపోయాం. నాలుగోది తప్ప అంతా బాగుంది."

"నాలుగోది మొన్న తెలిసిందండి."

"ఎవరు చెప్పారు?"

"పార్వతి... మీ అమ్మగారు."

"అమ్మగారా?" నవ్వారు. "కొత్తగా ఉందండి వినడానికి."

"ఆ పిల్ల గొంతు..." అన్నాను.

"పాడింది నేనే, గొంతు మీదే. పసుపు గౌను, చెవికి రింగులు. అమ్మ వెనక నిలబడ్డా నేను. పన్నెండేళ్ళు నాకు."

"నాకు గుర్తులేదండి."

"మీకెందుకు గుర్తుంటుంది? నాకే, ఆ దరువు తలలోంచి పోయేది కాదు. గిన్నెలు తోముతుంటే అదే. బడికి నడుస్తుంటే అదే. నర్సింగ్ పరీక్ష రాస్తుంటే అదే. పోగొట్టుకోవడానికి పాడాను."

"పోయిందా?"

"లేదండి. మీకు అంటించా."

బస్సు వచ్చిందేమో, గబగబా చెప్పారు. "ప్రకటనకి ఇవ్వను. మీ అన్నయ్యగారికి చెప్పండి. మీరు ఇంకేం చెయ్యక్కర్లేదు. ఆ పోస్టులో య మీద గుడి తీసెయ్యండి, చాలు."

ఒక్క గుడి. తీస్తే ఆ పేరా మొత్తం కూలిపోతుంది. అల్లరి పిల్లలు, జాతీయగీతం, ముద్దు. తీసి కింద ఏం రాయాలి? తీయడం రేపు చూద్దాం.

ఏప్రిల్ 25, శుక్రవారం

అన్నయ్యకు చెప్పాను. మొత్తం చెప్పాను, స్టూలుతో సహా. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. వాడు విని తొడ మీద చరుచుకున్నాడు.

"అంటే ట్యూన్ నీదేగా!"

"ఏంటి?"

"నీ ట్యూన్ ఆవిడ కాపీ కొట్టింది. ఇంక ఆవిడ పర్మిషన్ మనకెందుకు? విజయవాడలో ఎవరో ఒక చిన్నపిల్లతో పాడిద్దాం, శుభ్రంగా. నీ పేరు వేస్తా. మ్యూజిక్, తేజస్వి. నీ ట్యూనేనని ఒక్క కాగితం మీద సంతకం పెట్టు. సోమవారానికి కావాలి, బాక్సులు ప్రింటుకెళ్ళిపోయినయ్."

"అది పాట కాదన్నయ్యా. అది గేటు దగ్గర..."

"ఎవడికి తెలుసే? పిల్లల రైమ్. చెమ్మచెక్కలాంటిది."

నాన్న టీవీ వైపు నుంచి తల తిప్పకుండా అన్నాడు: "వాడు చెప్పింది కూడా నిజమేగా. నువ్వు కట్టిందేగా."

చాలా ముచ్చటగా అన్నాడు. పదహారేళ్ళ ముచ్చట ఇంకా చెడిపోలేదు.

ఏప్రిల్ 26, శనివారం

ప్రశాంతంగా ఆలోచించాలి.

ఒక రకంగా చూస్తే ట్యూన్ నాదే. అది అబద్ధం కాదు. ఏడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది? పెద్దవాళ్ళు నిలబెట్టారు, నిలబడింది. తప్పు వేరు, ట్యూన్ వేరు. నాలుగో పాటలో గొప్పదనమంతా ఆ దరువులోనే ఉందని ఆరేళ్ళుగా నేనే అంటున్నాను. అంటే నాలో సంగీతం ఉంది. ఉద్యోగంలోంచి తీసేసిన మనిషికి ఒక పేరు వస్తుంటే వద్దనడం ఏం ఆదర్శం? సుజాతగారి పాట సుజాతగారికే ఉంటుంది, ఎవరూ లాక్కోవడం లేదు. నా రెండు లైన్లు నేను తీసుకుంటున్నాను.

మ్యూజిక్: తేజస్వి.

రాస్తే బాగుంది. ఇంకోసారి.

మ్యూజిక్: తేజస్వి.

ఛీ.

ఆమె చేతిలో మిగిలింది ఆ ఒక్కటి. తోటలో ఏరుకున్నది కూడా కాదు, నేను విసిరితే తలకు తగిలింది. దాన్ని ఏళ్ళ తరబడి మోసి, పాట చేసుకుంది. ఇప్పుడు నేను మళ్ళీ స్టూలెక్కి, అది కూడా మాదే, దులుపు అంటున్నాను. ఈసారి నాకు ఇరవై మూడేళ్ళు. ముందుపళ్ళు ఉన్నాయి.

ఏప్రిల్ 27

కాగితం మీద ఈగ వాలింది. తోలలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

అన్నయ్య సాయంత్రం వస్తాడు సంతకానికి. నిజం రాసి పెట్టేస్తే ఇక ఆ దరువు ఏ డబ్బా మీదా అతకదు. కానీ పార్వతి మా షెడ్డులో ఉంది. నా నిజాయితీ ఖర్చు ఆమె మీద పడితే అంతకన్నా రోత ఇంకొకటి లేదు. అందుకని అడగడానికి వెళ్ళాను, అన్నాల వేళకు. ఖాళీ ట్రే బోర్లించుకుని ఎదురుగా కూచున్నాను.

"పార్వతిగారూ."

వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

"మిమ్మల్నే."

"ఎండ దెబ్బ గాని తగిలిందాండీ మీకు?"

చెప్పాను. సంతకం సంగతి, పెట్టనన్న సంగతి, జరిగింది రాసి అందరూ చదివేలా పెడదామనుకుంటున్న సంగతి. "పెడితే నాన్నా అన్నయ్యా ఊరుకోరు. మీ పనికి ఇబ్బంది..."

"నా పనికేం ఇబ్బందమ్మా?" మజ్జిగన్నం కలుపుతూనే ఉంది. "నెల్లాళ్ళ సీజను. ఈదర ఊరి షెడ్డువాళ్ళు వారం నుంచి బతిమాలుతున్నారు. ఆటో పంపిస్తామంటున్నారు. గ్రేడింగు తెలిసినోళ్ళు దొరక్క అల్లాడిపోతున్నారు అందరూ."

"ట్రేలు కూడా అక్కడియ్యి తేలికంట," అంది పక్కావిడ.

"మా గురించి ఆగమాకండి. రాసేదుంటే రాసుకోండి. నా పేరు మాత్రం వద్దు." ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, అంది: "మీ పేరు పెట్టుకోండి."

లేచి వచ్చేయాల్సింది. ఎందుకు అడిగానో. తక్కువ అని చెబితే తేలికపడదామనా, ఎక్కువ అని చెబితే ఏదో ఒక సాకు దొరుకుతుందనా. "సుజాతగారు మీ వెనక నిలబడ్డ ఆ రోజు ఎన్ని పడ్డాయండీ? కాయలు. మీ ఒళ్ళోంచి."

"కాయలా?" నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారేమో. "ఏం పడలేదమ్మా. ఉత్త ఒడి. జ్వరంతో వచ్చా ఆ రోజు, వంగి ఏరే ఓపిక యాడిది? దులిపా. ఏం పడలా. మీరు మళ్ళీ దులుపన్నారు పాడతా. మళ్ళీ దులిపా. నాలుగుసార్లు దులిపించారు. అందరూ చూస్తన్నారు, వెనక మా పిల్ల చూస్తంది. అయ్యో, ఒక్క కాయన్నా ఉంటే బాగుండేదే అనుకున్నా. పడేస్తే అయిపోయేది."

డబ్బా మూత పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.

అన్నయ్యకు సంతకం లేని కాగితం ఇచ్చాను. "రేపటికి మనసు మారుద్దిలే" అన్నాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

ఉదయం పదకొండింటికి గుడి తీశాను. కింద పద్నాలుగు వాక్యాలు రాశాను. పాట ఎవరిదో, ఆ దరువు పాటలోకి ఎలా వచ్చిందో, పార్వతి పేరు లేకుండా, సుజాతగారు చెప్పినంత మేరకు. ఆ చిన్నపిల్ల పేరు తేజస్వి అని, మా నాన్న పేరు, మా ఊరు. నాలుగుసార్లు దులిపితే ఏం రాలిందో కూడా రాశాను.

మొదటి పది నిమిషాల్లో కామెంట్లు: సెల్యూట్ సిస్టర్. యూ ఆర్ సో బ్రేవ్. చప్పట్ల బొమ్మలు. చప్పట్లే! కామెంట్లు మూసేశాను.

అన్నయ్య తెల్లబూట్లతో నడిహాల్లోకి వచ్చి అరిచాడు. "ఐదు వేల బాక్సులే! ఆ పేరు చూస్తే ఎవడు కొంటాడే ఇప్పుడు!" మామూలు పేరుతో స్టిక్కర్లు అంటించుకుంటాడట. పాట వద్దు, ఏ పాటా వద్దు అన్నాడు. నాన్న నాతో మాట్లాడలేదు, అమ్మతో చెప్పాడు: "ఇంట్లో సంగతి ఇంట్లో ఉంచాలని తెలియదా దానికి." అమ్మ గిన్నెలు గట్టిగా పెడుతోంది. గ్రేడింగ్‌కి ఏడుగురే వచ్చారు. సుజాతగారి నుంచి ఏమీ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయనమ్మ అడిగింది. "పార్వతి రాలేదంటగా? ఏం రోగం?"

"ఈదర వెళ్ళింది."

"ఎందుకు?"

ఫోన్ తీసి చదివి వినిపించాను. నాన్న ఎదురుగా కూచుని పెరుగు కలుపుకుంటున్నాడు. నాయనమ్మ శ్రద్ధగా వింది. తాతయ్య ఆచారం దగ్గర తలూపింది. స్టూలు దగ్గర నవ్వింది. చివరి వాక్యం దగ్గర చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఉత్త ఒడా?"

"ఉత్తదే."

"మళ్ళీ చదువు."

చదివాను.

"మరి నాలుగుసార్లు ఎందుకు దులిపించామే?"

కొడుకును అడగలేదు. నన్నే అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది, ఎనభై ఏళ్ళ మనిషి.

"చెప్పవే. పాడింది నువ్వేగా."